మనకొస్తే కృప, మందికొస్తే లోకం

హుస్నాబాద్‌లో క్రైస్తవ ఇంటి యజమాని అనిపించుకోవడం అంత తేలికేం కాదు. టీవీ పెడితే పాటల పోటీ, ఫోన్ తెరిస్తే అవార్డుల ఫంక్షన్, ఆదివారం చర్చి బయట బల్ల మీద కుటుంబాన్ని ఎట్లా నడపాలో చెప్పే పుస్తకాలు. ఏది చూడొచ్చు, ఏది కట్టేయాలి, ఏది కొనాలి అన్నీ ఆయనే తేల్చాలి. ఈ భారం మోస్తున్న తోటి తండ్రుల మేలు కోరి కొన్ని చిట్కాలు రాస్తున్నాను. ధైర్యంగా పాటించండి. ఫలితం ఎట్లా ఉందని మాత్రం ఇంట్లోవాళ్ళను అడగకండి. వాళ్ళకేం తెలుసు?

1. అవార్డు మంచిదో చెడ్డదో, అది ఎవరికొచ్చిందో చూసి చెప్పండి

సినిమా పాట లోకపు పాట. ఇందులో రెండో మాట లేదు. బిడ్డ గిన్నెలు తోముతూ కూనిరాగం తీసినా సరే, "ఆ పాట బంద్ చెయ్" అనాల్సిందే. అయితే 2023 మార్చిలో 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చినట్టి పొద్దులకు మినహాయింపు ఉంది. కీరవాణి, చంద్రబోస్ బొమ్మలు పట్టుకున్న ఫొటో స్టేటస్‌లో పెట్టండి. చంద్రబోస్‌ది పాత వరంగల్ జిల్లా చల్లగరిగె కనుక 'మన పక్క జిల్లా బిడ్డ' అని కింద రాయండి. సాయంత్రం మీ బిడ్డ అదే పాటకు కాలు కదిపితే టీవీ కట్టేయండి.

"పొద్దుగాల నువ్వే పెడితివి గద బాపూ?" అని అడుగుతుంది. పొద్దుటిది తెలుగువాళ్ళ ఘనత, సాయంత్రపుది లోకాశ అని విడమరిచి చెప్పండి.

సినారె విషయంలోనూ ఇదే పద్ధతి. ఆయన పుట్టింది మన పాత కరీంనగర్ జిల్లా హనుమాజీపేటలో. 'విశ్వంభర'కు 1988 జ్ఞానపీఠం అందుకున్నారు కాబట్టి మనవాడు. సినిమా పాటలు రాశారు కాబట్టి మనవాడు కాడు. సభలో మాట్లాడేటప్పుడు మొదటిది, ఇంట్లో మాట్లాడేటప్పుడు రెండోది వాడుకోండి.

2. టీవీ పోటీని తిట్టండి, చర్చిలో అదే పెట్టండి

1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైనప్పుడు బాలసుబ్రహ్మణ్యం గారు ఒక చాదస్తం అలవాటు చేశారు. పిల్లవాడు పాడాక శ్రుతి ఎక్కడ జారిందో, ఏ అక్షరానికి ఒత్తు పోయిందో చెప్పేవారు. ఆ పాట ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు అని కథ కూడా చెప్పేవారు. అది మనకు పనికిరాదు. నేర్పుకుంటూ కూర్చుంటే బహుమతులు పంచేదెప్పుడు?

తరవాత వచ్చిన షోల నుంచి మాత్రం నేర్చుకోవాల్సింది చాలా ఉంది. రంగు లైట్లు, పొగ మిషన్, పేరు చదివే ముందు ఊపిరాడనివ్వని జాగు, ఓడిన పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా ముఖం మీదే ఆగే కెమెరా. క్రిస్మస్‌కు ముందు సండే స్కూల్ పోటీలకు ఇవన్నీ అద్దెకు తెప్పించండి. బ్యానర్ మీద, తలాంతుల కథ ఉన్న మత్తయి 25వ అధ్యాయం అని వేయిస్తే ఎవరూ నోరెత్తరు. న్యాయనిర్ణేతగా బయటివాళ్ళను పిలిస్తే పక్షపాతం వస్తుంది. బామ్మర్దిని పెట్టుకోండి.

3. పాట వినకపోయినా సరే, ఓటు వేయించండి

ఇండియన్ ఐడల్‌లో 2006లో కారుణ్య చివరి మెట్టు దాకా వెళ్ళి రెండో స్థానంలో ఆగిపోయాడు. 2010లో శ్రీరామచంద్ర, 2017లో రేవంత్ గెలిచి చూపించారు. ముగ్గురూ ఏళ్ళ తరబడి గొంతు సాధన చేసినవాళ్ళే. ఆ సంగతి వదిలేయండి. మనకు కావలసింది ఓట్ల సంగతి. సంఘం వాట్సాప్ గ్రూపులో ప్రార్థన విన్నపాల నడుమ మీ అబ్బాయి యూట్యూబ్ లింకు పెట్టండి. ఆపరేషన్ కోసం ప్రార్థించమని ఎవరో పెట్టిన మెసేజ్ కింద పెడితే ఎక్కువమంది చూస్తారు. "విని ఆశీర్వదించండి" అని రాయనక్కర్లేదు. "లైక్ కొట్టండి, షేర్ చేయండి" చాలు.

ఇదంతా లోకరీతి కాదా అని ఎవరన్నా గొణిగితే అమెరికాను చూపించండి. అక్కడ సువార్త పాటలకు 1969 నుంచే డవ్ అవార్డులున్నాయి. 1971లో అక్కడ ఓట్ల దగ్గర గోల్‌మాల్ జరిగిందని ఆ ఏటి ఫలితాలనే రద్దు చేశారు. అంతటి భక్తులకే తప్పనిది మనకు తప్పుతుందా?

4. అవ్వకు మైకు ఇవ్వకండి

'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం తెరిస్తే పాట నెత్తిన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. 19వ శతాబ్దంలోనే పురుషోత్తమ చౌదరి లాంటివాళ్ళు కర్ణాటక రాగాల్లో యేసు పాటలు కట్టారు. షీల్డు మాట అటుంచి, ప్రోత్సాహక బహుమతి కూడా రాలేదు పాపం. అయినా ఆ కీర్తనలు తరాలు దాటి వచ్చాయి. కళ్ళజోడు లేని ముసలమ్మలు పుస్తకం తెరవకుండా చరణాలన్నీ వరసగా పాడేస్తారు. అదే చిక్కు. అట్లాంటివాళ్ళకు మైకు దొరికితే ప్రోగ్రాం ఎప్పటికి ముగియాలి?

"అవ్వా, నీ పాటకు ట్రాక్ లేదు" అని మెల్లగా పక్కకు కూర్చోబెట్టండి.

"పాటకు ట్రాకేందిరా, నోరుంటె సాలదా?" అంటుంది. పట్టించుకోకండి.

పిల్లలకు కీబోర్డు ట్రాక్ మీద ఒక పల్లవి, ఒక చరణం నేర్పిస్తే చాలు. రెండో చరణం నాటికి జడ్జీలు ఎలాగూ మార్కులు వేసేస్తారు. వీడియో తీయాలంటే మెదక్ పెద్ద చర్చికి వెళ్ళండి. 1914లో మొదలుపెట్టి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన గుడి అది. కరువులో పని దొరకని జనానికి కూడు పెట్టాలని మిషనరీ పాస్నెట్ దొర కట్టించిన గుడి. పదేళ్ళు కట్టిన ఆ గోడల ముందు పది సెకన్ల రీల్ బాగా కుదురుతుంది. లోపలికి వెళ్ళి కూర్చోవలసిన పనిలేదు. అక్కడ వెలుతురు తక్కువ.

5. చట్టం టీవీ వాళ్ళకు, మనకు కాదు

పిల్లలతో ప్రోగ్రాములు చేసేవాళ్ళకు ప్రభుత్వం చాలా సంకెళ్ళు వేసింది. బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించి, 2017లో నిబంధనలు తెచ్చారు. వాటి ప్రకారం బాల కళాకారులతో రోజుకు ఐదు గంటలకు మించి పనిచేయించకూడదు. విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు. జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. సంపాదనలో కనీసం 20 శాతం ఆ పిల్లల పేరున బ్యాంకులో డిపాజిట్ చేయాలి. 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ కూడా, డాన్స్ షోలలో చిన్నపిల్లలతో వయసుకు తగని స్టెప్పులు వేయించవద్దని ఛానెళ్ళను హెచ్చరించింది.

తండ్రికి ఇట్లాంటి బాధలేం లేవు. బడి నుంచి రాగానే మొదలుపెట్టి నిద్ర ముంచుకొచ్చేదాకా ప్రాక్టీస్ చేయించవచ్చు. "గొంతు నొస్తాంది బాపూ" అంటే మిరియాల పాలు తాగించి మళ్ళీ నిలబెట్టండి. బహుమతిగా వచ్చేది స్టీలు టిఫిన్ డబ్బా కాబట్టి, అందులో 20 శాతం బ్యాంకులో ఎట్లా వేయాలన్న చింత కూడా లేదు.

6. ఓటమికి కారణం ముందే సిద్ధం చేసుకోండి

మన బిడ్డ గెలిస్తే దేవుని కృప. పక్కింటి బిడ్డ గెలిస్తే వాళ్ళ నాయిన సంఘ కమిటీలో ఉన్నాడు. మన బిడ్డకు రెండో బహుమతి వస్తే జడ్జీకి సంగీతం రాదు. అసలేమీ రాకపోతే మనుషులిచ్చే మెప్పు మనకెందుకు? ఈ నాలుగూ కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. తొందరలో ఒకదాని బదులు ఒకటి చదవకుండా జాగ్రత్త. గెలిచిన పిల్లను మెచ్చుకోవడానికి మీ బిడ్డ లేచి వెళ్తే చేయి పట్టి కూర్చోబెట్టండి. చిన్నపిల్లలకు పోటీ అంటే ఏమిటో ఇంకా సరిగ్గా తెలియదు.

7. కుటుంబ పుస్తకంలో మీ వంతు పేజీలు తిప్పేయండి

అమెరికాలో జేమ్స్ డాబ్సన్ అనే మనస్తత్వవేత్త 1970లో 'డేర్ టు డిసిప్లిన్' రాశాడు. పిల్లల్ని అదుపులో పెట్టడం మీద అది పేరుమోసిన పుస్తకం. 1977లో కుటుంబాల కోసం ఒక పెద్ద సంస్థనే పెట్టాడు. ఆ దారిలో వచ్చిన పుస్తకాలు మన బల్లల దాకా చేరాయి. అల్లరి చేసిన పిల్లవాణ్ణి తన గదికి పంపాలని ఏ పుస్తకంలోనైనా కనిపిస్తే కంగారు పడకండి. మన ఇంట్లో ఉన్నవే రెండర్రలు. ఒకదాంట్లో అవ్వ పడుకుంటుంది, రెండోదాంట్లో మిగతా అందరం. కాబట్టి వాణ్ణి వంటింటికి పంపండి. అక్కడ వాళ్ళమ్మ బుజ్జగించి అట్టు పెడితే, పుస్తకం పనిచేయలేదని రచయితను తిట్టండి.

భార్యను వారానికోసారి బయటికి తీసుకెళ్ళి మాట్లాడాలన్న సలహా వస్తే ఎల్లమ్మ చెరువు కట్ట ఉండనే ఉంది. అయితే కట్ట మీద మనల్ని చూసినవాళ్ళు ఏమనుకుంటారో ఆలోచించి ఇంటికాడనే ఉండిపోండి.

బైబిలు చదివేటప్పుడు ఎర్ర పెన్ను దగ్గర పెట్టుకోండి. ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయం 22వ వచనం భార్యలకు రాసింది. కింద గీత గీయండి, రెండుసార్లు గీసినా తప్పులేదు. 25వ వచనం భర్తలకు రాసింది. అక్కడికి రాగానే దగ్గు తెచ్చుకోండి. 6వ అధ్యాయం మొదటి వచనం పిల్లలు కంఠస్థం చేయాలి. నాలుగో వచనం తండ్రులకు చెప్పిన బుద్ధి. అది పిల్లల కంట పడనివ్వకండి.

8. బీరువాలో షీల్డులు ముందు, పుస్తకాలు వెనక

అద్దాల బీరువాకు రెండు వరసలుంటాయి. ముందు వరస షీల్డులకు, వెనక వరస పుస్తకాలకు. గుర్రం జాషువా 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది కాబట్టి అది తప్పక కొనండి. చుట్టాలొచ్చినప్పుడు వీపు కనబడేలా పెట్టండి. తెరిచి చదివితే ప్రమాదం. కులం పేరిట ఆ కవి పడిన అవమానాల మాట వస్తుంది. మన సంఘంలో ఎవరు ఎక్కడ కూర్చుంటారో పిల్లలు అడగడం మొదలుపెడతారు.

ఇంటి బైబిలు ముందు పేజీల్లో పుట్టిన రోజులు, బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, చావులు రాసుకోవడం పాతకాలపు అలవాటు. అక్కడ ఖాళీ ఉంటే బహుమతుల పట్టిక మొదలుపెట్టండి. తాత పోయిన తేదీ రాసే జాగా మిగలకపోతే అట్ట మీద రాసుకోవచ్చు.

9. అవార్డులు రాకపోతే మీరే పెట్టండి

తెలంగాణ ప్రభుత్వం 2025లో గద్దర్ పేరు మీద సినిమా అవార్డులు ఇచ్చింది. మరి మన చర్చిల సంగతో? మన కరీంనగర్ అధ్యక్ష మండలం (డయోసిస్) దోర్నకల్ నుంచి విడివడింది 1978లో. ఇన్నేళ్ళయినా ప్రతి ఇంటికీ ఒక శాలువా దక్కకపోవడం విచారకరం. ఉత్తమ గాయకుడు, ఉత్తమ గాయకుడి తండ్రి, ఉత్తమ కుటుంబం అని మూడు విభాగాలు పెట్టండి. మూడో విభాగానికి ఫొటోలో అందరూ నవ్వుతూ ఉండాలి. ఫొటో తీయకముందు ఏం జరిగిందో కమిటీ అడగరాదు.

10. ఒక్క పని మాత్రం చచ్చినా చేయకండి

రాత్రి అన్నాలయ్యాక టీవీ కట్టేసి, చాప పరిచి, అందరూ కలిసి ఒక కీర్తన పాడే అలవాటు కొన్ని ఇళ్ళల్లో ఇంకా మిగిలే ఉంది. మీ ఇంట్లో ఉంటే వెంటనే మాన్పించండి. అందులో అవ్వ ఎత్తుకుంటుంది, అమ్మ అందుకుంటుంది, పిల్లవాడు తాళం తప్పుతాడు. తండ్రికి మూడో చరణం గుర్తుండదు, బిడ్డే అందించాలి. తప్పు పాడినవాణ్ణి ఎవరూ బయటికి పంపరు. మార్కుల్లేవు, ఓట్లు లేవు. ఎవరికి మొదటి బహుమతి రావాలో ఎంతసేపు కూర్చున్నా తేలదు. రోజూ ఇట్లాగే పాడుకుంటూ పోతే పిల్లలకు పాట మీద ప్రేమ, తండ్రి మీద చనువు పుట్టే ప్రమాదం ఉంది. ఆ రెండూ వచ్చినవాళ్ళు మళ్ళీ పోటీలకు రారు.

కాబట్టి తండ్రులారా, ఆలస్యం చేయకండి. క్రిస్మస్ పాటల పోటీకి పేర్లు తీసుకుంటున్నాం, ఎంట్రీ ఫీజు ముందే కట్టాలి. న్యాయనిర్ణేత మా బామ్మర్దే.