స్వీటీ ఆపరేషన్ డబ్బు మిగుల్చుకునే మార్గాలు

ఇంట్లో ఆడకుక్క ఉంది. టీకా వేయించడానికి తీసుకెళ్తే డాక్టరుగారు ‘ఆరు నెలలు నిండాయి కదా, ఆపరేషన్ చేయించేయండి’ అన్నారు. కంగారు పడకండి. ఆయనకేం, చెప్తారు, జేబు మనది. ప్రైవేటు క్లినిక్‌లో గర్భసంచి తీయించాలంటే రక్తపరీక్ష, మత్తుమందు, కుట్లు, ఆ తర్వాతి మందులు అన్నీ కలిపి వేలల్లోకి పోతుంది. ఆ వేలు మిగుల్చుకోవడమెలాగో మన కాలనీల్లో పెద్దమనుషులు ఎప్పుడో కనిపెట్టేశారు.

అన్నిటికన్నా సులువైనది వాయిదా. ‘ఒక్క ఈత అయ్యాక చూద్దాం’ అనండి చాలు. ‘తల్లి కానివ్వకుండా ఆపితే పాపం’ అని ఇంట్లో పెద్దవాళ్లు అందుకుంటారు, ఇక మీరు మాట్లాడే పని ఉండదు. ఒక ఈత వల్ల కుక్క ఆరోగ్యానికి ఒరిగేదేమీ లేదనీ, మొదటి ఎదకు ముందే చేయిస్తే పెద్దయ్యాక రొమ్ములో గడ్డలు వచ్చే ముప్పు బాగా తగ్గుతుందనీ పశువైద్యులు అంటారు. అంటూనే ఉంటారు. కుక్క దాదాపు 63 రోజులు మోసి ఐదారు పిల్లల్ని పెడుతుంది. వాటి పాలు, నులిపురుగుల మందు, టీకాల ఖర్చును ఆపరేషన్ ఖర్చు పక్కన పెట్టి చూడకండి. వేరే పుస్తకంలో రాయండి. అసలు రాయకపోతే మరీ మంచిది.

పిల్లి ఉన్నవాళ్ల అదృష్టం ఇంకా గొప్పది. నాలుగైదు నెలలకే ఎదకొస్తుంది, పిల్లలు ఇంకా పాలు తాగుతుండగానే మళ్లీ కడుపుతో ఉండగలదు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందన్నారు కదా, తిప్పనివ్వండి. నాలుగో ఇంట్లో ఆగిపోతే ఆ ఖర్చు ఆ ఇంటివాళ్లది.

కొందరు మెడికల్ షాపు కుర్రాణ్ణి అడిగి మనుషులు వాడే గర్భనిరోధక మాత్ర తెచ్చి పాలలో కలిపేస్తారు. కత్తి లేదు, కుట్టు లేదు, పది రూపాయల పని. అలాంటి హార్మోన్లతో గర్భసంచిలో చీము పట్టవచ్చు. డాక్టర్లు దాన్ని పయోమెట్రా అంటారు. అప్పుడు చేసేదీ అదే ఆపరేషన్. కాకపోతే అర్ధరాత్రి, జ్వరంతో వణికే జంతువుకి, సెలైన్లు ఎక్కించి, ప్రాణానికి హామీ లేదని సంతకం పెట్టించుకుని చేస్తారు. బిల్లు ఎంతైనా అప్పుడు మీరు బేరమాడరు గనుక ఆ తలనొప్పి ఉండదు.

ఇన్ని చెప్పినా చేయించి తీరాలంటారా? అయితే తక్కువ ఖర్చులో ఎక్కడ చేస్తారో పొరపాటున కూడా కనుక్కోకండి. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలకు ఆసుపత్రులున్నాయి, హైదరాబాద్ నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువుల ఆసుపత్రి ఉంది. ఇలాంటి చోట్ల ఫీజు ప్రైవేటుతో పోలిస్తే నామమాత్రం, కత్తి పట్టేది చదువుకున్న సర్జన్లే. కానీ పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ రాయించుకోవాలి. మందులో కుట్టుదారమో బయట కొనుక్కురమ్మనవచ్చు. వరుసలో మీ షిట్జు ముందు ఒక గేదె నిలబడి ఉండవచ్చు. మీ హోదాకి అది తగునా?

దీనికన్నా తెలివైన దారి మున్సిపాలిటీ కుక్కల బండి. వీధికుక్కలకి కు.ని. ఆపరేషన్ ఉచితం కదా, బండి వచ్చే రోజు మీ స్వీటీ బెల్టు విప్పేసి గేటు బయట వదలండి. ఎలా ఉందో గుర్తు పెట్టుకోవడానికి ఒక ఫోటో తీసుకోండి, ఎందుకంటే తిరిగొచ్చేటప్పటికి చెవి కొస కత్తిరించి ఉంటుంది. ఆపరేషన్ అయిన వీధికుక్కకి అది గుర్తు. జంతు జనన నియంత్రణ నియమాలు 2023 ప్రకారం వీధికుక్కని ఎక్కడ పట్టారో ఆ చోటే వదలాలి. కాబట్టి స్వీటీని మీ సోఫా మీద వదలరు, వీధి మొగలో వదులుతారు. ఈలోపు ముక్కూమొహం తెలియని పాతిక కుక్కల మధ్య కొన్ని రోజులు బోనులో ఉండి వస్తుంది, కొత్త స్నేహాలు. పెంపుడు జంతువు ఆపరేషన్ బాధ్యత యజమానిదేనని అవే నియమాలు అంటాయి. ఆ పేజీ తిప్పేయండి.

కేంద్రం దగ్గరే నేరుగా డబ్బు తెచ్చుకుంటాననే వీరులూ ఉన్నారు. 1962లో ఏర్పడి, రుక్మిణీదేవి అరండేల్ తొలి అధ్యక్షురాలిగా పనిచేసిన భారత జంతు సంక్షేమ మండలికి, ‘మా పగ్ ఆపరేషన్‌కి చెక్కు పంపగలరు’ అని ఉత్తరం రాయండి. ఆ సాయం ఈ పని చేసే సంస్థలకే తప్ప ఇళ్లకు రాదు. రాదని తెలిసేలోపు పగ్ ఎదకొచ్చి పోతుంది.

ఇక మిగిలింది స్వచ్ఛంద సంస్థ. హైదరాబాద్‌లో అక్కినేని అమల 1992లో మొదలుపెట్టిన బ్లూక్రాస్ లాంటివి ఏళ్లుగా ఈ ఆపరేషన్లు చేస్తున్నాయి. ఇలాంటి చోటికి ఫోన్ చేసినప్పుడు ‘మీరు జంతుప్రేమికులు కదండీ’ అని మొదలుపెట్టండి. రాయితీ శిబిరానికి పెద్ద కారులోనే వెళ్లండి, ఏసీ ఆపకండి. అంత ఇచ్చుకోలేను, రెండు విడతల్లో ఇస్తాను అని ఉన్నమాట చెప్పి అడిగేవాళ్లకి చాలాచోట్ల ఏదో ఒక దారి చూపిస్తారు గానీ, అలా అడగడం నామోషీ. ఆ రాయితీ మీ వాచ్‌మన్‌కి తెలియకుండా చూసుకోవడం అంతకన్నా ముఖ్యం. నిరుడు మీరు రాత్రిపూట అట్టపెట్టెలో పెట్టి గేటు పక్కన వదిలిన పిల్లల్లో రెండింటిని తన జీతంలో పెంచుతున్నది అతనే. అతను వరుసలో నిలబడితే మీ వంతు వెనక్కి పోతుంది.

ఇవన్నీ దాటి ఆపరేషన్ తేదీ ఖాయమైపోయిందా? ఇంకా ఒక ఉపాయం ఉంది. ముందురాత్రి నుంచి ఏమీ పెట్టొద్దంటారు. తెల్లారగానే కడుపునిండా పెరుగన్నం పెట్టండి. మత్తులో వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోతుందని భయపడి డాక్టరు వెనక్కి పంపేస్తారు. ఆ రోజుకి గండం గడిచింది. అయితే పెరుగన్నం సంగతి డాక్టరుతో చెప్పండి. చెప్పకపోతే గండం స్వీటీది.

మగకుక్క ఉన్నవాళ్లు ఇదంతా చదవనే అక్కర్లేదు. పొట్ట కోసే పని లేదు, ఆడకుక్కకయ్యే ఖర్చుకన్నా బాగా తక్కువకే అయిపోతుంది. అయినా వద్దు, వాడి మగతనం ఇంటిపేరుకి సంబంధించింది. సాయంత్రం గేటు తీసి వదలండి. పిల్లలు పెట్టేది ఎదురింటి కుక్క. వాళ్లొచ్చి పోలికలు చూపిస్తే, ఈ వీధిలో గోధుమరంగు కుక్కలకి కరువా అండీ అనండి.