డీజే జ్యూరీ

హైదరాబాద్ పోరడు రాహుల్ సిప్లిగంజ్ 2023 మార్చిల కాలభైరవతో కలిసి ఆస్కార్ వేదిక మీద ‘నాటు నాటు’ పాడొచ్చిండు. అక్కడి జనం లేచి చప్పట్లు కొట్టిండ్రు. సరే, ఏ పాటనైనా పిట్లం ఊరి పెండ్లి బరాత్ ఒప్పుకోవద్దా?

బస్టాండు కాడ చాయ్ తాగుతున్న ఓ శ్రోతను అడిగినం. ‘‘కొత్త పాప్ ఆల్బం ఎట్లుందే అన్నా?’’

‘‘బేస్ తక్కువైంది. డీజే బండి పోతే కిటికీ రెక్కలు అదరలే.’’

‘‘మరి సాహిత్యం?’’

‘‘మాటలు వినొస్తే డీజే ఖరాబైనట్టే గదా!’’

క్యాసెట్ కాలంల ఆల్బమంటే రెండు పక్కల పాటలుండేవి. ఇప్పుడు యూట్యూబ్‌ల ఒక్కటి వదిలినా ఆల్బమే. అండ్ల సగం సబ్‌స్క్రైబ్ చేయుమని బతిమాలుడే.

‘‘ఇంతకూ మొత్తం విన్నవా?’’

‘‘యాడిది? రీల్ చూసిన. పదిహేను సెకండ్లు. గాయకునికి ఇంకా సాధన గావాలె!’’