కొత్తవాడ నుంచి చాందాకు: ఒక జంపఖానా ఆత్మకథ

నేనొక జంపఖానాను. వరంగల్ కొత్తవాడలో నూలుతో పుట్టాను. ఒంటినిండా ఎర్ర పట్టీలు, నీలం పట్టీలు. పదిమంది పెద్దలు మఠం వేసుకుని కూర్చున్నా పిల్లలకు ఇంకా చోటు మిగులుతుంది. 2018లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని ఎవరో పేపరు చదివి వినిపించినప్పుడు నేను మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఉన్నాను. మద్యనిషేధం అమల్లో ఉన్న ఆ జిల్లాలో, తప్పతాగిన మనిషొకడు నా మీద పడి గురక పెడుతున్నాడు. వంశమంతటికీ కీర్తి దక్కిన వేళ నా వంతుకు వచ్చింది అదీ!

నా యజమాని వీధి సువార్త చెప్పే అయ్యగారు. ఆయన నన్ను కాజీపేటలో చుట్టచుట్టి భుజానికెత్తుకుని రైలెక్కారు. ఆ దారి మా వాళ్లకు కొత్తేమీ కాదు. 1929లో కాజీపేట, బల్లార్షాల మధ్య పట్టాలు పూర్తయ్యాక కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ పల్లెల వాళ్లకు ఇటు పని వెతుక్కోవడం సులువైంది. బొగ్గు గనులు, బల్లార్‌పూర్ కాగితం మిల్లు, ఆ తర్వాత థర్మల్ కేంద్రం. 1973లో గనులు ప్రభుత్వపరమై, 1975లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ఏర్పడేనాటికి గని కాలనీల్లో తెలుగు మాట గట్టిగానే వినపడేది. ఇప్పుడున్నది ఆ కార్మికుల మనవలు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, స్నేహితులతో హిందీ. తెలుగు పాట పాడతారుగానీ చదవలేరు. అందుకే మా ప్రార్థన మందిరంలో పాటల నోటుపుస్తకాల్లో తెలుగు పాటలన్నీ నాగరి లిపిలో రాసి ఉంటాయి.

ఈ ఊళ్లో సువార్తకు మా అయ్యగారే ఆద్యుడని అనుకోకండి. దీన్ని చాందా అని పిలిచే రోజుల్లోనే స్కాట్లండ్ ఎపిస్కోపల్ చర్చి వాళ్లు ఇక్కడ మిషన్ పెట్టారు. అందులో ఏళ్లతరబడి పనిచేసిన అలెగ్జాండర్ వుడ్ 1926లో నాగపూర్ బిషప్పు అయ్యారు. కేరళ నుంచి వచ్చిన సీరో మలబార్ కతోలికులకు 1962లో చాందా పేరుతోనే బల్లార్‌పూర్ కేంద్రంగా ఒక మిషన్ ప్రాంతం ఏర్పడింది. 1999లో దాని నుంచే ఆదిలాబాద్ మేత్రాసనం విడివడింది. మా అయ్యగారి వెనుక అంత పెద్ద సంస్థలేవీ లేవు. గని కాలనీ పక్కన రేకుల కప్పు మందిరం, ఒక చేతి మైకు, ఒక కంజీర, నేను. అంతే మా ఆస్తి.

శనివారం సాయంత్రం వీధి కూడిక. ఎండాకాలంలో ఇక్కడ 45 డిగ్రీలు దాటుతుంది కనుక పొద్దు వాలాకే నన్ను పరుస్తారు. ముందు పిల్లలొస్తారు, తర్వాత ఆడవాళ్లు. మగవాళ్లు మాత్రం నా మీద కూర్చోరు. కూర్చుంటే వింటున్నట్టు ఒప్పుకున్నట్టే కదా! పాన్ ఠేలాకు ఆనుకుని, ప్లాస్టిక్ కాగితంలో ఖర్రా రుద్దుకుంటూ, మొహం అటు తిప్పుకుని చెవులు మాత్రం ఇటు పెడతారు. పొగాకు, వక్క, సున్నం కలిపి రుద్దే ఈ ఖర్రా విదర్భ కుర్రాళ్ల దవడల్ని తినేస్తున్న పదార్థం. నా ఎర్ర పట్టీల్లో ఎన్ని నేతగాళ్లు వేసినవో, ఎన్ని ఖర్రా మరకలో ఇప్పుడు నేనే చెప్పలేను.

కూడిక అయ్యాక మా మందిరం కుర్రాళ్లు కరపత్రాలు పంచుతారు. సగం మర్నాటికి శనగల పొట్లాలవుతాయి. కుర్రాళ్లు చిన్నబుచ్చుకుంటే అయ్యగారు నారాయణ వామన్ తిలక్ కథ చెబుతారు. ఆ మరాఠీ కవికి 1890లలో నాగపూర్ నుంచి రాజనాందగావ్ వెళ్లే రైల్లో ఎదుటి సీటు తెల్లాయన కొత్త నిబంధన చేతికిచ్చాడు. తిలక్ దాన్ని పక్కన పడేయలేదు. చదివాడు, నోట్లు రాసుకున్నాడు, తనతో తానే వాదించుకున్నాడు. 1895 ఫిబ్రవరిలో బొంబాయిలో బాప్తిస్మం తీసుకున్నాడు. “ఇచ్చుడు మన పని తమ్మీ. చదువుడు, చించుడు ఆయన ఇష్టం” అంటారు అయ్యగారు.

చైత్రంలో మహాకాళి జాతరకు తెలంగాణ నుంచీ మరాఠ్వాడా నుంచీ జనం విరగబడి వస్తారు. అక్కడ కరపత్రాలు పంచుదామని ఒకసారి కుర్రాళ్లు ఉబలాటపడ్డారు. అయ్యగారు ఒప్పుకోలేదు. “వాళ్ల పండుగకు వాళ్లొచ్చిండ్రు. మన పండుగనాడు వాళ్లొచ్చి పంచితే మనకెట్లుంటది?” అన్నారు. ఆ ఏడు మా వాళ్లు ఎవరి దగ్గరా కాగితం లేకుండా వెళ్లి మంచినీళ్లు పోసి వచ్చారు.

గొడవలు లేవని కాదు. ఒక సాయంత్రం కొందరు యువకులు వచ్చి మైకు ఎవరు పెట్టమన్నారని నిలదీశారు. అయ్యగారు తానే మైకు ఆపి, నన్ను చుట్టేశారు. మర్నాడు కుర్రాళ్లను కూర్చోబెట్టి రాజ్యాంగం 25వ అధికరణం చదివించారు. మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు అందులో ఉంది. అయితే ఆ హక్కులో ఎదుటివాణ్ణి మార్చే హక్కు లేదని సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో తేల్చింది. రాత్రి పదికి మైకు ఆగాలన్నది 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధన. మూడూ నోటుపుస్తకాల్లో రాయించారు. అసలు మతం మారడమంటే ఎంత పెద్ద విషయమో ఈ ఊరికి కొత్తగా చెప్పనక్కర్లేదు. నాగపూర్‌లో తాను బౌద్ధ దీక్ష తీసుకున్న రెండు రోజులకు, 1956 అక్టోబరు 16న, డాక్టర్ అంబేద్కర్ ఇక్కడికే వచ్చి వేలమందికి ఆ దీక్ష ఇచ్చారు. శనగల పొట్లమంత కాగితానికి మతం మారే అమాయకులు చంద్రపూర్‌లో ఉండరు.

నా అసలు బతుకు మైకు ఆగాక మొదలవుతుంది. కూడిక చెదిరాక అయ్యగారు నన్ను వెంటనే దులపరు. అలాగే పరిచి ఉంచి, ఒక మూల కూర్చుంటారు. ఠేలా దగ్గర నిలబడ్డ కుర్రాళ్లలో ఒకడు మెల్లగా వచ్చి నా అంచు మీద, చెప్పులు విప్పకుండానే కూలబడతాడు. పదో తరగతి తప్పాడు. తండ్రి జీతం రోజున ఇల్లు చేరడు. “ఏం తమ్మీ, తిన్నవా?” అని అడిగారు అయ్యగారు మొదటి రోజు. వాక్యం ఎత్తలేదు, ఖర్రా మానమనలేదు. మరుసటి వారం వాడు చెప్పులు విప్పి కూర్చున్నాడు. తర్వాత డిగ్రీ చదివే ఒక అక్క వాడికి నా మీదే లెక్కలు చెప్పింది. రెండోసారి రాస్తే పదో తరగతి గట్టెక్కాడు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడుకు దరఖాస్తు పెట్టేనాడు అయ్యగారు వాడితోపాటు వరుసలో నిలబడ్డారు. వాడిప్పుడు మరో ఇద్దరు కుర్రాళ్లకు లెక్కలు చెబుతున్నాడు. ఖర్రా మానడం పదో తరగతి కన్నా కష్టమైంది. రెండుసార్లు మానేసి, రెండుసార్లూ మళ్లీ మొదలుపెట్టాడు.

2015 ఏప్రిల్ 1న జిల్లాలో మద్యనిషేధం వచ్చినప్పుడు ఆడవాళ్లు నా మీద కూర్చుని స్తుతి పాటలు పాడారు. కొన్నాళ్లకే సరిహద్దుల అవతలి నుంచి సీసాలు వచ్చాయి, ధర మాత్రం పెరిగింది. 2021లో నిషేధం ఎత్తేశారు. నిషేధం ఉన్నప్పుడూ పోయినప్పుడూ నా మీద పడుకున్న మనుషుల వాసన ఒకటే. తేడా కనిపించింది ఎక్కడంటే, జీతం రోజు సాయంత్రం గని గేటు దగ్గర అయ్యగారో, తాగుడు మానేసిన మనిషో ఎదురుచూసి ఇంటిదాకా తోడు నడిచిన చోట. ఆ కుర్రాడి తండ్రి అలాగే మానుకున్నాడు. ఆనాడు నా మీద గురక పెట్టింది ఆయనే.

ఒకసారి బయటి ఊరి నుంచి సేవను చూడటానికి ఒక పెద్దాయన వచ్చి, ఎందరు బాప్తిస్మం తీసుకున్నారని నోటుబుక్కు తీశారు. అయ్యగారు ఉన్న సంఖ్య చెప్పారు. చిన్నదే. “జీతం రోజున ఎందరు ఇల్లు చేరుతుండ్రో అది కూడా రాసుకోండ్రి” అన్నారు. ఆయన రాసుకోలేదు. లెక్కలు చెప్పే కుర్రాడు ఆ సంఖ్యలో లేడు. కొన్ని ఆదివారాలు వస్తాడు, కొన్ని రాడు. దానికోసం వాడి పాఠం ఎవరూ ఆపలేదు.

నా అంచులు పీచు లేచాయి. నేను చూసినంతలో మైకు మనిషిని ఆపగలదు, ఠేలా దగ్గర కాసేపు నిలబెట్టగలదు. వాణ్ణి మార్చింది మాత్రం ఆ తర్వాత ఏళ్లతరబడి పక్కన కూర్చున్న మనిషే. మీరు ఏ దేవుణ్ణి కొలిచేవారైనా సరే, చెడిపోయాడని అందరూ వదిలేసిన కుర్రాడు మీ వీధిలోనూ ఒకడుంటాడు. వాడికి నీతులు తర్వాత చెప్పవచ్చు. ముందు వారానికో సాయంత్రం వాడి పక్కన కూర్చోండి, తిన్నావా అని అడగండి, మరుసటి వారం కూడా రండి.