సర్కారుకు చేబదులు

ఉపాధి హామీ కూలీని వ్యాపారిగా మార్చాలని ఢిల్లీ పెద్దలకు కోరిక పుట్టి చాలా కాలమైంది. ఎన్నాళ్లని ఈ గడ్డపారా తట్టా పట్టుకు తిరుగుతారు, కాస్త పైకి రండి అని వారి తాపత్రయం. తప్పుపట్టలేం. కాకపోతే వారికెవరూ చెప్పని సంగతి ఒకటుంది. మన కూలీ ఎప్పుడో వ్యాపారంలోకి దిగిపోయాడు. ఆషామాషీ వ్యాపారం కూడా కాదు, ఫైనాన్స్!

లెక్క చూడండి. ఆంధ్రా, తెలంగాణల్లో 2025–26కి కూలి రేటు రోజుకు 307 రూపాయలు. కొలతలు సరిపోతే ఆరు రోజులకు 1,842. 2023 నుంచి పూటకో ఫొటో చొప్పున రోజుకు రెండుసార్లు హాజరు. సిగ్నల్ అందక ఫొటో ఎక్కకపోతే తవ్విన గుంత కళ్లెదుటే ఉన్నా తవ్వనట్టే. హాజరు పట్టీ (మస్టర్) మూసిన 15 రోజుల్లో డబ్బు పడాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టం మాట. పడకపోతే పదహారో రోజు నుంచి రోజుకు 0.05 శాతం పరిహారం. ఊరి భాషలో చెప్పాలంటే రూపాయిన్నర వడ్డీ.

మరి ఆ డబ్బు పడేదాకా పొయ్యి వెలగాలిగా! కిరాణా కొట్టులో ఖాతా నిండితే, కూలీ మూడు రూపాయల వడ్డీకి అప్పు తెస్తాడు. అంటే మూడు రూపాయలకు తెచ్చి సర్కారుకు రూపాయిన్నరకు తిప్పుతున్నాడన్నమాట. ఏ బ్యాంకైనా ఈ పని చేస్తే రిజర్వు బ్యాంకు వారం తిరక్కుండా తాళం వేయించేది. పోనీ, ఆ రూపాయిన్నరైనా పూర్తిగా దక్కిందా అంటే అదీ లేదు. కింది ఆఫీసుల్లో ఆగిన రోజులకే పరిహారం కట్టి, ఢిల్లీలో ఆగిన రోజులను లెక్కలోంచి తప్పించేవారు. అలా కుదరదని 2018లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఇంతకీ తానిచ్చింది అప్పో, చేబదులో కూలీకి ఇప్పటికీ తేలలేదు.

ఇంతటి ఫైనాన్షియరుకు చేతిపని నేర్పాలని కేంద్రం 2019 డిసెంబరులో ‘ఉన్నతి’ అనే ప్రాజెక్టు పెట్టింది. 2 లక్షల మందికి శిక్షణ ఇస్తామంది, నేర్చుకునే రోజులకు భత్యమూ ఇస్తామంది. అందుకు పెట్టిన ముఖ్యమైన అర్హత: ఆ ఇల్లు ఏడాదిలో 100 రోజుల పని పూర్తి చేసి ఉండాలి. దేశంలో ఒక్కో ఇంటికి దొరుకుతున్న పనేమో సగటున ఏడాదికి 50 రోజులకు అటూ ఇటూ. మేడ మీద విందు పెట్టి, మెట్లు సగం దాకే కట్టారు.

ఎలాగో మేడెక్కిన ఓ అక్కకు అక్కడ జరిగే బోధన ఇలా ఉంటుందని నా ఊహ.

“అమ్మా, వ్యాపారానికి ముందు ఏం కావాలి?”

“పెట్టుబడి సార్.”

“ధైర్యమమ్మా, ధైర్యం! మేకల షెడ్డు ఉపాధి హామీలోనే ఇస్తున్నాం కదా.”

“మేకలో సార్?”

“బ్యాంకు లోను తెచ్చుకోవాలి.”

“ఆస్తేముందని అడిగారు సార్ బ్యాంకులో.”

“షెడ్డుందిగా!”

“అది నా డబ్బుతోనే కట్టా సార్. బిల్లింకా రాలేదు.”

సారు తర్వాతి పాఠంలోకి వెళ్లిపోతారు. అక్క ఖాతాలో మాత్రం సర్కారు బాకీ రెండోది చేరింది.

అలాగని కూలి డబ్బు బతుకుదెరువుగా మారిన దాఖలా లేకపోలేదు. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ జిల్లాలోనే చిన్న రైతుల మెట్టచేలలో ఉపాధి నిధులతో గుంతలు తీసి మామిడి మొక్కలు నాటించారు. నాటి వదిలేయకుండా, నీళ్లు పోసి సాకే కూలికీ మూడేళ్లపాటు డబ్బు కేటాయించారు. ధైర్యం మీద ఉపన్యాసాలు విని ఏ మొక్కా కాపుకు రాలేదు. వేళకు నీళ్లు, ఆ నీళ్లు పోసినవాడికి వేళకు డబ్బు అందిన చోట తోట నిలిచింది. సెంటు భూమి లేని కూలీకి ఆ తోట కూడా లేదు. రెండు మేకపిల్లలు కొనాలన్నా నాలుగు వారాల కూలి ఒక్కసారి చేతిలో కనబడాలి. అతనికి మొదటి పెట్టుబడి అదే. ఆ పెట్టుబడే సర్కారు దగ్గర ఇరుక్కుంటే ఏ శిక్షణ మాత్రం ఏం చేస్తుంది?

అయినా నిరాశ అక్కర్లేదు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీకి కొత్త చట్టం చేసింది. ఏడాదికి ఇంటికి 100 రోజుల పని హామీని 125 చేశారు. విత్తే, కోసే కాలంలో 60 రోజుల దాకా పని ఆపేందుకూ వీలు పెట్టారు. అంతకన్నా పెద్ద విశేషం మరొకటుంది. ఇంతకాలం కూలి డబ్బు మొత్తం కేంద్రమే భరించేది. ఇకపై మన రాష్ట్రాల వంతు 40 శాతం. నిన్నటిదాకా మన ఫైనాన్షియరుకు ఢిల్లీ ఒక్కటే బాకీదారు. ఇకమీదట ఆంధ్రాలో అమరావతి, తెలంగాణలో హైదరాబాదు కూడా తోడవుతాయి. శిక్షణ లేకుండా, లోను లేకుండా, కూర్చున్న చోటే ఖాతాదారులను రెట్టింపు చేసుకున్న చిరు వ్యాపారి దేశంలో ఇంకెవరైనా ఉంటే చూపించండి.