బ్యాటరీ పీకుడు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: పొగగొట్టంబు నతికించిన పిదప బ్యాటరీ పీకి, పది నిమిషంబు లూరకుండి, మరల బెట్టునది.

అవతారిక: ఈ సూత్రానికి కర్త ఎవరో తెలియదు. తాళపత్రాల్లో దొరకదు, కారుతో పాటు కంపెనీ ఇచ్చే పుస్తకంలోనూ కనబడదు. విజయవాడ ఆటోనగర్ మొదలుకొని చిన్న ఊళ్ళ షెడ్ల దాకా గురుముఖంగా నడుస్తున్న పాఠమిది. సైలెన్సర్‌కు పడిన చిల్లు పూడ్చినా మీటరు బోర్డు మీద పసుపుపచ్చ ఇంజిన్ లైటు మొండిగా వెలుగుతుంటే దీన్ని ప్రయోగిస్తారు. ప్రయోగించగానే లైటు ఆరుతుంది కూడా, దీనికింత ప్రామాణ్యం వచ్చింది అందుకే. కొలచాల మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ పట్టి మరీ వ్యాఖ్యానాలు రాశాడు. ఈ టీకాకారుడికి ఆ సౌకర్యం లేదు. ఈ సూత్రంలో ఉన్నదానికంటే లేనిదే ముఖ్యం. పీకే ముందు కారు కంప్యూటర్ రాసుకున్న తప్పు కోడు చదవమని లేదు, పెట్టిన తర్వాత బండి నడపమని లేదు. ఆ రెండు క్రియలనూ అధ్యాహారం చేసుకుంటే తప్ప వాక్యం పూర్తికాదనీ, చేసుకున్న తర్వాత చూస్తే పీకడమనే క్రియకు పెద్దగా పని మిగలదనీ నా వాదం.

టీక: పొగగొట్టము అనగా ఇంజిన్‌ను ఆనుకొని ఉండే మ్యానిఫోల్డ్ మొదలు, క్యాటలిటిక్ కన్వర్టర్ మీదుగా, బండి వెనక పొగ వదిలే కొస వరకు. వాడుకలో ఇదంతా సైలెన్సరే. ఈ ఉదారత వల్లనే సగం చిక్కు. చిల్లు వెనకాల మఫ్లర్‌కు పడితే వీధంతా నిద్ర లేస్తుంది గాని ఇంజిన్ కంప్యూటర్‌కు, అంటే షెడ్డు భాషలో ఈసీఎంకు, చీమ కుట్టినట్టయినా ఉండదు. పెట్రోలు కారులో అటువైపు దాని సెన్సార్లు ఉండవు మరి. అలాంటి చిల్లు పూడ్చి ఈసీఎంను రీసెట్ చేయడం శుద్ధ అనవసరం. చిల్లు మొదటి ఆక్సిజన్ సెన్సార్‌కు ముందో, దాని పక్కనో పడిందా, అప్పుడు సంగతి వేరు. 1976లో వోల్వో కార్లలో బాష్ వారి లాంబ్డా సెన్సార్‌గా అవతరించిన ఈ పరికరం పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను మాత్రమే చూడగలదు, పెట్రోలును చూడలేదు. కిలో పెట్రోలు సరిగ్గా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఆక్సిజన్ ఎక్కువ మిగిలితే పాత తరహా సెన్సార్ 0.1 వోల్టు దగ్గర, మిగలకపోతే 0.9 వోల్టు దగ్గర మాట్లాడుతుంది. ఆ మాట మీదనే ఈసీఎం పెట్రోలు పెంచుతుంది, తగ్గిస్తుంది.

ఇక్కడొక సందేహం. పొగ లోపలినుంచి బయటికి తన్నుకొస్తుంటే చిల్లులోంచి గాలి లోపలికి ఎలా పోతుంది? పొగ ఏకధారగా రాదు, ఒక్కో సిలిండరూ వదిలినప్పుడల్లా విడతలు విడతలుగా వస్తుంది. రెండు విడతల నడుమ గొట్టంలో పీడనం బయటి గాలికంటే తగ్గే క్షణాలుంటాయి. ఆ సందులో బయటి గాలి లోపలికి జొరబడుతుంది. సెన్సార్ దాన్ని చూసి ఆక్సిజన్ మిగిలిపోయిందంటుంది. ఈసీఎం నమ్మి పెట్రోలు పెంచుతుంది, జలుబు చేసిన వంటవాడు రుచి తెలియక ఉప్పు పెంచినట్టు. పెంచిన ఆ శాతాన్ని దీర్ఘకాలపు ఫ్యూయల్ ట్రిమ్ అనే పేరుతో గుర్తుంచుకుంటుంది. హద్దు దాటితే పి0171 అనే కోడు రాసుకొని లైటు వెలిగిస్తుంది.

పూర్వపక్షం: చిల్లు పూడిన తర్వాత ఆ తప్పుడు లెక్క ఇంకా తలలోనే ఉంటుంది కదా, దాన్ని చెరిపేయడం న్యాయమే కదా అంటారు. ఈ ఆక్షేపణలో బలముంది. అతికించిన తొలి గంటల్లో బండి కొంచెం ఎక్కువ పెట్రోలు తాగుతుంది, పొగ ఘాటుగా రావచ్చు. అయితే ఆ లెక్క నేర్పిన సెన్సారే దాన్ని మరిపిస్తుంది. గాలి ఆగగానే ఈసీఎం అప్పటికప్పుడు చేసే సర్దుబాటు, అంటే తక్షణపు ట్రిమ్, మైనస్‌లోకి దిగుతుంది, దాన్ని అనుసరించి దీర్ఘకాలపుది మెల్లగా దిగివస్తుంది. మామూలుగా తిరిగితే చాలు, వేరే క్రతువు అక్కర్లేదు. పైగా చెరిపేస్తే వచ్చేది సున్నా, ఆ బండికి సరైన అంకె కాదు. అరిగిన ఇంజెక్టర్‌కూ, వయసొచ్చిన సెన్సార్‌కూ తగినట్టు ఈసీఎం చేసుకున్న నిజమైన సర్దుబాట్లు కూడా ఆ చెరుపులో కొట్టుకుపోతాయి. బ్యాటరీ పెట్టాక కొన్ని కార్లు ఐడిల్‌లో ఊగిసలాడేది ఇందుకే. గడియారం 12 గంటలు చూపించడం, ఒక్క నొక్కుకు దిగే పవర్ విండో ఆ విద్య మరిచిపోవడం కొసరు.

పూర్వపక్షులు అంతటితో ఊరుకోరు. లైటు ఆరింది కదా, ఇంతకంటే ప్రత్యక్ష ప్రమాణం ఏముందంటారు. ఆరింది లైటు, తప్పు పోయిందని ఈసీఎం తేల్చలేదు. దాని ధర్మశాస్త్రం ప్రకారం వరసగా మూడు ప్రయాణాల్లో పరీక్ష నడిచి తప్పు కనబడకపోతే లైటు దానంతటదే ఆరుతుంది. ఆ తర్వాత మరో 40 సార్లు ఇంజిన్ చల్లబడి వేడెక్కితే కోడు కూడా మాసిపోతుంది. బ్యాటరీ పీకితే చాలా బండ్లలో కోడుతో పాటు అది పడిన క్షణాన వేగమెంత, ఇంజిన్ వేడి ఎంత, భారమెంత అని రాసుకున్న చిట్టా కూడా పోతుంది. పి0420 పడిందనుకోండి. కన్వర్టర్ సామర్థ్యం తగ్గిందని దాని అర్థం. నిజంగా కన్వర్టర్ చచ్చిందా, వెనక సెన్సార్ దగ్గర లీకు వల్ల అలా కనబడుతోందా అని విడదీయడానికి ఆ చిట్టా, ఆ ట్రిమ్ అంకెలే దిక్కు. ఆధారాలు తుడిచేసి, లైటు మళ్ళీ వచ్చాక ఊహ మీద కన్వర్టర్ మార్పించేవాళ్ళు పదుల వేల రూపాయలు పోసుకుంటున్నారు. లైటు మళ్ళీ రావడానికి కొన్ని రోజులు పట్టడంలో వింత లేదు. కన్వర్టర్ పరీక్ష ఇంజిన్ బాగా కాగి, నిలకడైన వేగంలో నడిస్తేనే జరుగుతుంది. ట్రాఫిక్ సిగ్నళ్ళ మధ్య తిరిగే కారులో దానికి ముహూర్తం కుదరదు.

ఈ కిటుకు కాలిఫోర్నియా వాళ్ళకు బాగా తెలుసు. అక్కడ 2010 మోడల్ నుంచి వచ్చిన కార్లలో శాశ్వత కోడు అనేది ఉంటుంది, స్కానర్ పెట్టినా బ్యాటరీ పీకినా చెరగదు. పరీక్ష నెగ్గాక ఈసీఎం తనంతట తాను చెరపాల్సిందే. 2019 జులై నుంచి అక్కడి స్మాగ్ చెక్ అనే పొగ పరీక్షలో దాన్ని కూడా చూస్తున్నారు. శాన్ హోసేలో కారు నడిపే మన తెలుగువాళ్ళు సొంతూరి సూత్రాన్ని నమ్ముకొని పరీక్షకు వెళితే తిరుగుముఖం పట్టాల్సిందే. మన పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్షలో గొట్టంలోంచి వచ్చే పొగను కొలుస్తారు గాని ఈసీఎం జ్ఞాపకాలను అడగరు కాబట్టి ఇక్కడ సూత్రం ప్రతిష్ఠ చెక్కుచెదరలేదు.

పాఠాంతరం: 'అతికించిన పిదప' అనేది లేఖక ప్రమాదమై ఉంటుంది. 'అతికించుటకు మునుపు' అని దిద్దుకుంటే సూత్రం ఒక్కసారిగా శాస్త్రసమ్మతమవుతుంది. కారు కింద దూరి ఆర్క్ వెల్డింగ్ చేసేటప్పుడు కరెంటు దారి తప్పి సెన్సార్లనూ ఈసీఎంనూ దెబ్బతీయవచ్చు. అందుకే బ్యాటరీ మైనస్ వైరు ముందే విప్పి, వెల్డింగ్ ఎర్తు క్లాంపును అతికే చోటుకు దగ్గరగా బిగించమంటారు. ముందు విప్పినవాడు తర్వాత ఎలాగూ పెడతాడు. ఈసీఎం జ్ఞాపకం చెరగడం అందులో అనుకోకుండా జరిగిన పని. జాగ్రత్త మరుగునపడి, అనుకోనిది మంత్రమై మిగిలిందని నా అనుమానం.

అపవాదం: రీసెట్ నిజంగా తప్పనిసరైన సందర్భం ఒకటుంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాక మన డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ కూడా చేరింది. అందులో మసి ఎంత, బూడిద ఎంత పేరుకుందో ఈసీఎం లెక్క కడుతూ ఉంటుంది. మసి నిండిందనుకున్నప్పుడు అదనంగా డీజిల్ చిమ్మి దాన్ని కాల్చేస్తుంది. పాత ఫిల్టర్ తీసి కొత్తది బిగించి ఆ సంగతి ఈసీఎంకు చెప్పకపోతే, ఖాళీ ఫిల్టర్‌ను పాత ఖాతాతోనే నడిపిస్తుంది. కాల్చాల్సింది లేకపోయినా మాటిమాటికీ డీజిల్ చిమ్ముతుంది, అందులో కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఇక్కడ మాత్రం పాత లెక్క చెరపకుండా పని పూర్తయినట్టు కాదు. అయితే ఆ ఖాతా ఉండేది కరెంటు పోయినా చెరగని మెమరీలో. పది నిమిషాలు కాదు, పది రోజులు బ్యాటరీ పీకి ఉంచినా అది కదలదు. స్కానర్ తగిలించి, ఫిల్టర్ మార్చామని చెప్పే మెనూలోకి వెళ్ళి నొక్కాలి.