ఆవకాయ వెల – టీకా తాత్పర్య సహితం

అవతారిక: ఎండల్లో మామిడికాయలు కొట్టించి జాడీ నింపే ఓపిక లేని గృహస్థుడొకడు, ఆన్‌లైన్‌లో పచ్చళ్లమ్మే చోట వెల కనుక్కోబోయాడు. ‘ముందు రిజిస్టర్ చేసుకోండి’ అంటూ తెరకు అడ్డంగా ఓ పెట్టె లేచింది. అప్పుడతని నోట వెలువడిన పద్యమిది.

ఆ.వె. ధరను జూడఁ బోవఁ దలుపు వేసినవారు
పేరు, ఫోను, మెయిలు, పిన్ను నడిగి
పుట్టినట్టి తేది పుచ్చుకొన్నను గాని
చెప్ప రావకాయ సేరు వెలను!

ప్రతిపదార్థం: ధరను = వెలను (కొనడం తర్వాతి మాట); చూడన్ పోవన్ = చూడబోగా; తలుపు వేసినవారు = అంగడి తెరిచిపెట్టి గడప దాటనివ్వనివారు; పేరు = రెండు గళ్లలో నింపదగిన నామధేయమును; ఫోను = నేడు ఓటీపీయు, రేపటినుండి ఆఫర్లును వచ్చునట్టి నంబరును; మెయిలు = ఈమెయిలును; పిన్నున్ = ఆరంకెల పిన్ కోడును; అడిగి = ఎర్ర చుక్క పెట్టి మరీ అడిగి; పుట్టినట్టి తేది = జన్మదినమును; పుచ్చుకొన్నను గాని = తీసుకొనియు; ఆవకాయ సేరు వెలను = సేరు ఆవకాయ ధరను (కిలో అనే అర్థం; సేరు వచ్చింది యతి కోసం); చెప్పరు = చెప్పనే చెప్పరు.

తాత్పర్యం: వీధి చివరి కొట్లో “కిలో ఎంతండీ?” అంటే వెల చెబుతారు. మన పుట్టినరోజు ఎప్పుడని అడగరు.

విశేషాలు:

1. పేరు: తెలుగువారికి ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత. ‘ఫస్ట్ నేమ్’ అంటే ముందున్నది రాయాలా, పిలిచేది రాయాలా అన్నచోట వ్యాఖ్యాతలకు ఏకాభిప్రాయం లేదు. మొదటి పక్షాన్ని నమ్మినవారికి వచ్చే మెయిళ్లు మనిషిని వదిలేసి వంశాన్ని పలకరిస్తాయి. ఇంటిపేరును పొడి అక్షరంతో సరిపెట్టేవారిని కొన్ని ఫారాలు ‘కనీసం రెండక్షరాలు ఉండాలి’ అని వెనక్కి పంపుతాయి.

2. పాస్‌వర్డ్: పద్యంలో లేకపోయినా అధ్యాహారం చేసుకోవాలి. పెద్దక్షరం ఒకటి, అంకె ఒకటి, గుర్తు ఒకటి ఉండాలట. ఇలాంటి కూర్పు నియమాలు పెట్టవద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే సూచించింది. పచ్చళ్ల అంగడికి ఆ కబురింకా అందలేదు.

3. క్యాప్చా: ట్రాఫిక్ లైట్లున్న గళ్లు ఏరి, రోబో కాదని నిరూపించుకునే పరీక్ష. ఆవకాయ వెల అడిగినవాడు మనిషేనని వేరే రుజువు కావాలా?

4. ధర్మశాస్త్రం: డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చిందై ఉండాలి, చెప్పిన పనికి అవసరమైన డేటాకే పరిమితం కావాలి. చట్టంలోనే ఓ ఉదాహరణ ఉంది: టెలిమెడిసిన్ యాప్ మన ఫోన్లోని కాంటాక్టులు కూడా అడిగి, మనం సరేనన్నా, ఆ సమ్మతి వైద్యానికి కావలసిన డేటా వరకే చెల్లుతుంది. పార్సిల్ పంపేటప్పుడు పిన్ కోడు అడగడం న్యాయం. వెల చెప్పడానికి పుట్టిన తేదీ అక్కర్లేదు. కావలసినప్పుడు, కావలసినంతే అడగాలని ఈ పద్యానికి పరమార్థం.

రసం: రౌద్రం. రిజిస్టర్ బటన్ ఆలంబన విభావం. ఓటీపీ రాకముందే దాని గడువు తీరిపోవడం ఉద్దీపన విభావం.

అలంకారం: విషమం. అడిగింది వెల, అప్పజెప్పవలసింది జాతకం. పొంతన లేని రెంటినీ జతచేయడం వల్ల.

ఫలశ్రుతి: ఈ పద్యం నిత్యం పఠించినా ఆఫర్ల ఫోన్లు ఆగవు. ఆగాలంటే ట్రాయ్ నియమాల ప్రకారం 1909కి ఫోన్ చేయాలి, లేదా మెసేజ్ పెట్టాలి. అక్కడ చేయవలసిందీ నమోదే.