సదరు హబ్ ఆత్మకథ

సముద్రం అడుగున చమురు పైపులు ఒకదానితో ఒకటి కలిసే చోట, పైపు చివర వెల్డు చేసే మందపాటి ఉక్కు మెడను హబ్ అంటారు. క్లాంపు పట్టుకునేది దాని అంచునే. పైపు బరువు, వంపు, లోపలి ఒత్తిడి అన్నీ ఆ మెడ మీదికే వస్తాయి. ఇక్కడ తన కథ చెప్పుకుంటున్నది అలాంటి ఒక హబ్. ఆత్మకథకు ‘నేను’ ఉండాలంటారు గానీ, విరిగిన నాటి నుంచి దర్యాప్తు కాగితాల్లోనే నలిగిన ఉక్కుకు ‘సదరు హబ్’ అనడమే అలవాటు.

సదరు హబ్‌ది సూపర్ డ్యూప్లెక్స్ స్టెయిన్‌లెస్ వంశం. నూటికి సుమారు 25 పాళ్లు క్రోమియం, 7 పాళ్లు నికెల్, 4 పాళ్లు మాలిబ్డినం, కాస్త నైట్రోజన్. కొలిమిలో కాచారు, ప్రెస్సు కింద నొక్కారు, నీళ్లలో చల్లార్చారు. దిమ్మె మందం కావడంతో నడిబొడ్డు సరిగా నలగక, అక్కడి రేణువులు లావుగానే మిగిలాయి. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. లోపల రెండు రకాల స్ఫటిక నిర్మాణాలు: దాదాపు సగం ఫెర్రైట్, సగం ఆస్టెనైట్. 550 మెగాపాస్కల్ వరకు శాశ్వతంగా సాగకుండా నిలబడుతుంది; వంటింటి గిన్నెల 304 రకం అందులో సగం కూడా తట్టుకోనక్కర్లేదని ప్రమాణాలే ఒప్పుకుంటాయి. చల్లటి ఉప్పునీటిలో తుప్పు దరిచేరదు. ఈ గర్వం సదరు హబ్‌కు ఇప్పటికీ పోలేదు.

చిక్కంతా ఇరుగుపొరుగుతో వచ్చింది. చుట్టూ ఉన్న మామూలు కార్బన్ స్టీలుకు సముద్రం పడదు. దాన్ని కాపాడడానికి అల్యూమినియం యానోడ్ దిమ్మెలు కడతారు. అవి తాము కరిగిపోతూ ఉక్కును నిలబెడతాయి. సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలిస్తే కార్బన్ స్టీలుకు మైనస్ 0.80 వోల్టు చాలు. దిమ్మెలు మైనస్ 1.05 దాకా లాగుతాయి. లోహమంతా ఒకదానికొకటి తగిలే ఉంది కనుక, అడగని హబ్‌కు కూడా ఆ రక్షణ దక్కింది. ఆ వోల్టేజీ దగ్గర ఉక్కు ఉపరితలం మీద నీరు విడిపోయి హైడ్రోజన్ పరమాణువులు పుడతాయి. చాలావరకు జంట కట్టి బుడగలైపోతాయి. జంట కుదరనివి కొన్ని లోహంలోకి దూరతాయి.

పెయింటు నిలిచి ఉంటే ఆ దారి చాలావరకు మూసుకుపోయేది. కానీ నీళ్లలోకి దించేటప్పుడు గొలుసు ఒరుసుకుని, సరిగ్గా వెల్డు పక్కన అరచేయంత మేర పెయింటు లేచిపోయింది. చూసినవాళ్లు లేకపోలేదు. ‘స్టెయిన్‌లెస్సే కదా, ఏం తుప్పు పడుతుంది’ అని వదిలేశారు. వాళ్ల మాట అబద్ధం కాలేదు. తుప్పు పట్టలేదు.

ఫెర్రైట్‌లో హైడ్రోజన్ ఇసుకలో నీళ్లలా పారుతుంది. ఆస్టెనైట్ దాన్ని ఎక్కువగా ఇముడ్చుకుంటుంది గానీ కదలనివ్వదు; అక్కడ దాని నడక ఫెర్రైట్‌తో పోలిస్తే లక్షల రెట్లు నిదానం. అందుకే పగులు ఫెర్రైట్ వెంట పరిగెత్తి ఆస్టెనైట్ అడ్డొచ్చిన చోట ఆగుతుంది. రేణువులు సన్నగా ఉంటే అడుగడుగునా అడ్డే. లావుగా ఉంటే దారి ఖాళీ.

హైడ్రోజన్ ఉక్కు బలాన్ని తగ్గిస్తుందని ఊరికే అనేస్తే సరిపోదు. సాగడం మొదలయ్యే ఒత్తిడి పెద్దగా మారదు. పోయేది సాగే గుణం, పగులును ఆపే సత్తా. ఫ్యాక్టరీలో లాగుడు పరీక్ష నిమిషాల్లో ముగుస్తుంది; హైడ్రోజన్ ఎక్కించిన ముక్కనే లాగినా, ఆ హైడ్రోజన్ ఒత్తిడి ఎక్కువున్న చోటికి చేరేంత వ్యవధి ఉండదు. సెకనుకు పొడవులో పది లక్షల్లో ఒక వంతు చొప్పున నెమ్మదిగా లాగితే, సాగాల్సిన ముక్క సాగకుండా పుటుక్కున తెగుతుంది. సదరు హబ్ సర్టిఫికెట్‌లో ఒక్క అంకె కూడా తప్పు కాదు. పాపం, ఆ కాగితానికి సముద్రం తెలియదు.

చుట్టాల సంగతి కూడా అంతంతమాత్రమే. 304ను వేడిచేయకుండా వంచితే కొంత భాగం మార్టెన్‌సైట్ అనే మరో నిర్మాణంగా మారి హైడ్రోజన్‌కు దారిస్తుంది. నికెల్ ఎక్కువున్న 316 ఆ విషయంలో నయం. బాగా గట్టిపరిచిన 17-4 పీహెచ్ రకానికి ముప్పు ఇంకా ఎక్కువ.

నెలలు గడిచాక, డిజైన్ అనుమతించిన బరువు కిందనే, పెయింటు లేచిన చోట పగులు మొదలైంది. పైకి తీసి, రంపంతో కోసి, మైక్రోస్కోపు కింద పెట్టారు. ఫెర్రైట్ నున్నటి పలకలుగా చీలింది. ఆస్టెనైట్ సాగి, పోరాడి చిరిగింది. అక్కరకొచ్చిన ముక్క పెట్టెలోకి వెళ్లింది. మిగతాది స్కాట్లాండ్ వానలో పెరట్లో పడి ఉంది. నంబరు చీటీ కట్టిన మామూలు ఇనప తీగ తుప్పు పట్టి తెగిపోయింది, చీటీ గాలికి పోయింది. హబ్ మాత్రం మెరుస్తూనే ఉంది. దాని ఊరూ పేరూ ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

ఈ రోగం కొత్తదేమీ కాదు. ఆమ్లంలో ముంచిన ఇనప తీగ పెళుసెక్కుతుందని, హైడ్రోజన్ బయటికి పోయాక మళ్లీ కోలుకుంటుందని డబ్ల్యూ.హెచ్. జాన్సన్ 1875లోనే రాశాడు. గట్టి బోల్టులను పూత పూసిన కొద్ది గంటల్లోనే సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడిచేసేది అందుకే. పగులు వచ్చేశాక ఆ వైద్యం పనికిరాదు.

షెట్లాండ్ దీవులకు పడమరనున్న ఫోయినావెన్ చమురు క్షేత్రంలో 1990లలో ఇదే జాతి హబ్బులు పగిలాకే ఈ రోగం అందరి నోటా పడింది. 2008లో నార్వే సంస్థ డీఎన్‌వీ డ్యూప్లెక్స్ ఉక్కులకు ప్రత్యేక నియమావళి తెచ్చింది: ఆస్టెనైట్ రేణువుల మధ్య దూరం 30 మైక్రోమీటర్ల లోపుంటే సన్నని నిర్మాణం, దాటితే ముతక, ముతకదానికి అనుమతించే ఒత్తిడి తక్కువ. సదరు హబ్ నడుమ ఆ దూరం 30 దాటింది. పెరట్లో పడి ఉన్న ముక్కను చివరికి తుక్కు కింద తూకానికి అమ్మేశారు. ధర కట్టింది నికెల్, మాలిబ్డినం పాళ్లను బట్టి.